బినామీ – పేరు మనది, పొలం ఎవరిది?

మోసానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. దగా, కుట్ర, టోకరా, కుచ్చుటోపీ, శఠగోపం, పంగనామం. వీటిలో ఏ మాట విన్నా మోసం చేసినవాడే ముందు కళ్ళముందుకు వస్తాడు. టోపీ పెట్టింది ఎవరు, నామం పెట్టింది ఎవరు అని అడుగుతాం. ఒక్క బినామీ అన్న మాట దగ్గరే ఈ వరస తిరగబడుతుంది. 'వాడు ఫలానా ఆయన బినామీ' అన్నప్పుడు మన వేలు మోసం చేసిన ఆసామి వైపు పోదు, పేరు ఇచ్చిన పాలేరు వైపు పోతుంది. మన ఏజెన్సీ గ్రామాల్లో ఆ పేరు ఇచ్చినవాడు సాధారణంగా మనవాడే. అందుకే ఈ మాట చరిత్రను మన పిల్లలకు, మన బడుల్లో చెప్పే ఉపాధ్యాయులకు వివరంగా చెప్పాలనుకున్నాం.

మాట పారసీ నుంచి వచ్చింది. 'బే' అంటే లేకుండా, 'నామ్' అంటే పేరు. బేవారసు అంటే వారసుడు లేనిది, బేకారు అంటే పని లేనివాడు, బేఇమాన్ అంటే నీతీ నమ్మకం లేనివాడు. అలాగే బినామీ అంటే పేరు లేనిది. వీలునామా, రాజీనామా, వకాల్తనామాల్లోని 'నామా' వేరు. అది రాతకోతకు, పత్రానికి చెప్పే పారసీ మాట. పేరుతో దానికి సంబంధం లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని 'బినామీ అంటే కాగితం లేని ఆస్తి' అని చెప్పేవాళ్ళు ఉన్నారు. నిజానికి బినామీ ఆస్తికి కాగితం ఉంటుంది, పేరూ ఉంటుంది. డబ్బు పెట్టినవాడి పేరే ఉండదు. పేరు లేనివాడు అసలు యజమాని, పేరు ఉన్నవాడు ఉత్త యజమాని. మాట పుట్టుకలోనే ఈ తిరకాసు ఉంది.

ఇలాంటి తిరకాసు మాట మనకు ఇంకొకటి తెలుసు. షావుకారు. దాని మూలం సంస్కృతంలోని 'సాధు' అంటారు. సాధువు అంటే మంచివాడు, నమ్మదగినవాడు. హిందీలో ఇప్పటికీ దొంగకు ఎదురుమాటగా సాహుకారు అంటారు. మన కొండల్లో ఆ మాటకు ఏం అర్థం పట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

బినామీ మన కొండల్లో పుట్టిన పద్ధతి కాదు. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలో బెంగాల్ జమీందార్ల పాఠం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1793లో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చాక, శిస్తు కట్టలేని జమీలను కంపెనీ వేలం వేసేది. బర్దవాన్ రాజా వంటి పెద్ద జమీందార్లు తమ మనుషులనే వేలానికి పంపి, తమ భూమిని తామే వేరే పేర్లతో కొనిపించుకున్నారు. 1793 నుంచి 1801 లోపు బర్దవాన్‌తో కలిపి నాలుగు పెద్ద జమీలు ఇలా బినామీగా కొన్న విలువ 30 లక్షల రూపాయల దాకా ఉంది. వేలంలో జరిగిన అమ్మకాల్లో నూటికి 15కి పైగా ఉత్తుత్తివే. అక్కడ మోసపోయింది కంపెనీ. ఆ పేరు ఇచ్చిన గుమాస్తాలు, నౌకర్ల సంగతి ఏ పుస్తకమూ పెద్దగా రాయలేదు.

కంపెనీ వారి కోర్టులు దీన్ని మోసం అనలేదు సరికదా, ఈ దేశపు ఆచారం అన్నాయి. 1854లో గోసాయి కుటుంబం కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అదే మాట చెప్పింది. ఒకరి డబ్బుతో మరొకరి పేరున కొనడం హిందూదేశంలో మామూలే కాబట్టి, డబ్బు ఎవరిదో చూడాలి, పేరు ఎవరిదో కాదు అని. 1882 నాటి ట్రస్టుల చట్టం 82వ సెక్షన్‌లో ఈ సూత్రమే చేరింది. పేరు ఇచ్చినవాడు డబ్బు పెట్టినవాడి మేలు కోసమే ఆస్తిని పట్టి ఉంచినట్టు లెక్క. 1988 దాకా, అంటే నూరేళ్ళకు పైగా, ఈ దేశంలో బినామీ చట్టం ఒప్పుకున్న వ్యవహారమే. ఈ సంగతి చాలామంది చదువుకున్నవాళ్ళకూ తెలియదు.

ఇక మన వైపు సంగతి. కొండలకు మైదానం నుంచి మొదట వచ్చిన కాగితం పట్టా కాదు, అప్పు పత్రం. 1879 రంప తిరుగుబాటుకు చిగురు పన్ను, మనసబుదారు దౌర్జన్యం కారణాలని అందరూ రాస్తారు. విచారణకు వచ్చిన అధికారులే రాసిన మూడో కారణం ఉంది. మైదాన వ్యాపారులు కొండవాళ్ళతో ఏవేవో ఒప్పందాలు రాయించుకుని, దిగువనున్న కోర్టుల్లో దావాలు వేసేవారు. మనవాళ్ళు అంత దూరం పోలేరు, పోయినా ఆ భాష తెలియదు. ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ వచ్చేది. ఆ డిక్రీ పట్టుకొచ్చి గొడ్డూ గోదా తోలుకుపోయేవారు. అప్పుడు కూడా మనవాడి పేరు కాగితం మీద ఉంది. ఆ కాగితంలో ఏముందో మాత్రం అతనికి తెలియదు.

ఆ గొడవల అనుభవంతోనే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో కొండజాతివాడు తన భూమిని కొండజాతివాడు కానివాడికి ఏజెంటు అనుమతి లేకుండా ఇస్తే చెల్లదంది. నిజాం వైపు ఆదిలాబాద్‌లో మైదానం నుంచి వచ్చినవారు గోండుల, కొలాముల సాగు భూములకు పట్టాలు చేయించుకుంటూ పోయారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము నేలకొరిగాకే అక్కడ సర్కారు హైమెండార్ఫ్‌ను పంపింది, గిరిజనులకు పట్టాలు ఇవ్వడం మొదలైంది.

1917 చట్టంలో ఒక సందు ఉంది. గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి పోయే భూమినే అది చూసింది. ఒకసారి గిరిజనేతరుడి చేతికి పోయిన భూమి, మరో గిరిజనేతరుడి చేతికి ఎన్నిసార్లు మారినా అడిగేవారు లేరు. స్వాతంత్ర్యం తరువాత అయిదో షెడ్యూలు కింద ఆంధ్ర ప్రాంతానికి 1959లో 1వ నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకూ దాన్ని విస్తరించారు. సందు మాత్రం మూసుకోలేదు. శ్రీకాకుళం కొండల్లో గిరిజన ఉద్యమం రగిలాకే ప్రభుత్వం కళ్ళు తెరిచి, 1970 ఫిబ్రవరి 3న మనమంతా '1/70' అని పిలుచుకునే సవరణ తెచ్చింది.

1/70 చెప్పింది రెండు ముఖ్యమైన మాటలు. ఏజెన్సీలో భూమిని ఎవరు ఇచ్చినా సరే, గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, అది గిరిజనుడికో, అందరూ గిరిజనులే ఉన్న సంఘానికో తప్ప పోకూడదు. రెండోది, గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి ఏదైనా, వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి. రుజువు చేసుకునే బరువు వాళ్ళ మీదే. 1978 సవరణతో ఇలాంటి దస్తావేజులను రిజిస్టరు చేయకూడదన్నారు. ఉల్లంఘిస్తే ఏడాది దాకా కఠిన జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. ఇది చెల్లదని కోర్టుకెక్కినవారికి 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెల్లుతుందనే చెప్పింది. ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', అది కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి లీజుకు ఇవ్వరాదని 1997లో సమత తీర్పు చెప్పింది. బొర్రా చుట్టుపక్కల గనుల గురించి వచ్చిన తీర్పు అది.

తలుపులన్నీ ఇలా మూసుకున్నాయి. ఒక్క తలుపు మిగిలింది, గిరిజనుడి పేరు. అప్పటిదాకా మన భూమి కావలసినవాళ్ళకు ఇప్పుడు మన పేరు కూడా కావలసి వచ్చింది. బెంగాల్ జమీందారుకు ఎవరి పేరైనా పనికొచ్చింది. మైదానంలో 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చినప్పుడు ఆసాములు పాలేర్ల పేర్ల మీద, చివరకు కుక్కల పేర్ల మీద కూడా భూములు రాశారని జనం చెప్పుకుంటారు. ఏజెన్సీలో అలా కుదరదు. ఇక్కడ కులధృవీకరణ పత్రం ఉన్న పేరే కావాలి. రాజ్యాంగం మనకు రక్షణగా ఇచ్చిన గుర్తింపు ఇలా ఇంకొకరికి పెట్టుబడి అయ్యింది.

పేరు అడిగే తీరు మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. నిన్నటిదాకా 'ఒరేయ్' అని పిలిచిన ఆసామి ఆ వేళ వరసలు కలుపుతాడు. 'తమ్ముడూ' అంటాడు, కాస్త వయసున్నవాడైతే 'బావా' అంటాడు. కోయవాళ్ళ ఇంట 'దొర' అని కూడా అంటాడు. పిల్లవాడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు, పెళ్ళి బాకీ ఏదో ఒకటి అప్పటికే ఉంటుంది. 'నీకేం పోయింది, పేరేగా' అంటాడు. సంతకమో వేలిముద్రో అవుతుంది. పక్కన ఇంకో తెల్లకాగితం మీద కూడా వేయించుకుంటాడు. ఆ రెండో కాగితంలో భూమి నిజానికి తనదని, ఎప్పుడడిగితే అప్పుడు తాను చెప్పినవాళ్ళకు రాసి ఇస్తానని ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం ఆసామి బీరువాలోకి పోతుంది.

దీని అసలు పనితనం అడంగల్‌లో కనిపిస్తుంది. ఉపాధ్యాయులు వీలుంటే ఒక పాత అడంగల్ నకలు తెచ్చి పెద్ద తరగతుల పిల్లలకు చూపించాలి. అందులో పట్టాదారు అని ఒక గడి, అనుభవదారు అని మరో గడి ఉంటాయి. 1/70 కింద అడగవలసిన ప్రశ్న రెండో గడిలో ఉంది. నేల ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ఆ ప్రశ్న. బినామీ చేసేది రెండు గడుల్లోనూ ఒకే గిరిజన పేరు రాయించడం. అప్పుడు ఏజెన్సీ డివిజనల్ అధికారి ఎదుటకు ఫైలు వచ్చినా అందులో ఉల్లంఘన కనిపించదు. పత్తి ఏరేది ఎవరు, కౌలు తినేది ఎవరు, బోరు వేయించింది ఎవరు అని ఊరికి వచ్చి అడిగితే తప్ప తెలియదు. తెలంగాణలో ధరణి కాలంలో ఆ అనుభవదారు గడి కనిపించకుండానే పోయింది. మామూలు రైతుల కౌలు గొడవగానే పత్రికలు దాన్ని చర్చించాయి. ఏజెన్సీలో అది 1/70 సాక్ష్యం కూడా అని ఎవరూ అనలేదు.

'పేరేగా' అన్నదానికి ఖరీదు ఎంతో కొంచెం లెక్క చూద్దాం. పది ఎకరాలు పేరున ఉన్నవాడు సర్కారు దృష్టిలో భూమి లేని పేద కాడు. భూమి లేనివారికి ఇచ్చే అసైన్‌మెంటు పట్టాకు అతని పేరు రాదు. పంట అప్పు అతని పేరున తీస్తారు, కట్టకపోతే బ్యాంకు నోటీసు అతని గుడిసెకే వస్తుంది. పంట సాయం డబ్బు అతని ఖాతాలో పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం వేరేవారి జేబులో ఉంటుంది. కొడుకులు పెద్దవాళ్ళయ్యాక 'నాన్నా, మనకు పదెకరాలుందటగా' అని అడిగితే అతను ఏం చెప్పాలి?

భూమితో మొదలైనది భూమి దగ్గర ఆగలేదు. ఇసుక రీచ్‌కు గిరిజన సంఘం పేరు, తవ్వేది కాంట్రాక్టరు. గనికి, క్వారీకి, దుకాణానికి, గిరిజనులకు కేటాయించిన పనులకు మన పేరు, బిల్లు వేరేవారికి. రిజర్వుడు స్థానంలో సర్పంచి మనవాడే, పంచాయతీ ఆఫీసు తాళం మాత్రం మరొకరి దగ్గర. సమత తీర్పు తరువాత గని తవ్వుకునే హక్కు గిరిజన సంఘాలకు మిగిలినప్పుడు, ఆ సంఘాల వెనుక పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్న వెంటనే లేచింది. ఈ విషయంలో మాకు ఒక అభిప్రాయం ఉంది, దాచుకోం. సంఘానికి యంత్రాలు కొనే అప్పు, లెక్కలు రాసే మనిషి, మార్కెట్టు చూపించకుండా ఉత్త హక్కు ఒక్కటే చేతికిస్తే అది బినామీకి పిలుపు ఇచ్చినట్టే. ఆ తప్పు గిరిజన సంఘానిదే అనడం అన్యాయం.

ఇక ఆడవాళ్ళ సంగతి జాగ్రత్తగా మాట్లాడాలి. 1970 తరువాత మన ఆడపిల్లలను కట్టుకున్న గిరిజనేతరులలో కొందరు నిజంగా సంసారం చేశారు, పిల్లలను మన ఆచారాల్లో పెంచారు. మరికొందరు మైదానంలో ఒక ఇల్లు ఉంచుకుని, పేరు కోసం, పట్టా కోసం ఇక్కడ ఒక ఇల్లు పెట్టారు. ఊళ్ళో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా చూడకుండా 'ఆమె వాడి బినామీ' అనేస్తారు. ఒక మనిషిని, ఒక తల్లిని ఆస్తికి పెట్టిన ముసుగు పేరుతో పిలవడం మాకు ఏమాత్రం నచ్చదు. చట్టం కూడా ఆమెను అలా చూడలేదు. 1988 చట్టంలో భార్య పేరున కొన్న ఆస్తి ఆమె మేలు కోసమే కొన్నట్టు భావించాలి, వేరుగా రుజువైతే తప్ప అని రాశారు. పట్టాలో పేరున్న భార్య తన పాసుపుస్తకం తన దగ్గర పెట్టుకునే హక్కు ఉన్న మనిషి. ఈ మాట ఆమెకు ఎవరు చెప్పారు?

1988 గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఏడాది మే నెలలో మొదట ఒక ఆర్డినెన్సు, తరువాత బినామీ లావాదేవీల నిషేధ చట్టం వచ్చాయి. నూరేళ్ళనాటి 82వ సెక్షన్ రద్దయింది. డబ్బు పెట్టానంటూ పేరున్నవాడి మీద దావా వేసి భూమి అడిగే హక్కు 4వ సెక్షన్‌తో పోయింది. ఇంత పెద్ద మార్పు వచ్చినా, ఆస్తిని స్వాధీనం చేసుకునే విధివిధానాలు లేక ఆ చట్టం చాలాకాలం పుస్తకంలోనే ఉండిపోయింది. 2016లో దాన్ని సవరించి, ఆ ఏడాది నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఇప్పుడు బినామీ ఆస్తిని కేంద్ర ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. శిక్ష ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ళ దాకా కఠిన జైలు, దానితో పాటు ఆస్తి మార్కెట్ విలువలో నూటికి 25 దాకా జరిమానా.

మన యువకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ శిక్ష డబ్బు పెట్టినవాడికి ఒక్కడికే కాదు, పేరు ఇచ్చిన బినామీదారుకూ ఉంది. 1/70 మనవాడిని రక్షించవలసినవాడిగా చూసింది. 2016 చట్టం అతన్నీ నేరస్థుల వరసలో నిలబెట్టింది. వేలిముద్ర వేసిన పాలేరు, బంగళాలో ఉన్న ఆసామి ఒకే సెక్షన్ కింద. పట్నంలో నల్లడబ్బు దాచుకునేవాళ్ళను మనసులో పెట్టుకుని రాసిన చట్టం ఇది. అప్పు కింద పేరు తాకట్టు పెట్టినవాడు ఒకడుంటాడని రాసినవాళ్ళకు తోచలేదు. జప్తయిన భూమి కేంద్రానికి పోతుంది. 1/70 కింద అయితే అది ఇచ్చిన గిరిజనుడికో అతని వారసులకో తిరిగి రావాలి, వాళ్ళు దొరకకపోతే, తీసుకోకపోతే, మరో గిరిజనుడికో గిరిజన సంఘానికో ఇవ్వాలి. కాబట్టి ఏజెన్సీ భూమి మీద ఫిర్యాదు రాసేటప్పుడు ఏ చట్టం కింద రాస్తున్నామో చూసుకుని రాయాలి. 1/70 దరఖాస్తును భూమి పోగొట్టుకున్నవాడే ఇవ్వనక్కర్లేదు. సంబంధం ఉన్న ఎవరైనా ఇవ్వవచ్చు, ప్రభుత్వ ఉద్యోగి రాతపూర్వకంగా సమాచారం ఇవ్వవచ్చు, అధికారి తనంతట తానే మొదలుపెట్టవచ్చు. బడి పంతులు కూడా ప్రభుత్వ ఉద్యోగే అని ఇక్కడ గుర్తుచేస్తున్నాం.

2016 చట్టంలో ఇంగ్లీషు మాటను తెలుగు చేస్తే అసలు దోషిని 'లబ్ధి పొందే యజమాని' అనాలి. మన ఊళ్ళలో లబ్ధిదారు అంటే పింఛను, ఇల్లు, మేకల యూనిట్ వచ్చిన పేదవాడు. పంచాయతీ గోడ మీద లబ్ధిదారుల జాబితా అని రాసి మన పేర్లే అంటిస్తారు. అసలు లబ్ధిదారుల జాబితా ఏ గోడ మీదా అంటించలేదు.

పత్రికలు ఈ మాటను ఎలా వాడుతున్నాయో కూడా చూడండి. 'బినామీల చేతిలో వందల ఎకరాలు' అని శీర్షిక పెడతారు. చదివేవాడికి బినామీ అంటే భూమి తింటున్నవాడు అనిపిస్తుంది. లోపల వార్తలో బినామీలు అంటే కూలికి పోయే గిరిజనులు. ఒకే మాట శీర్షికలో దొంగకు, వార్తలో దోపిడీకి గురైనవాడికి వాడితే చదువరి ఎవరిని దొంగ అనుకుంటాడు? మా సూచన చిన్నదే. రాసేటప్పుడు ఇద్దరికీ రెండు మాటలు వాడదాం. పేరు ఇచ్చినవాడిని పేరుదారు అందాం. వెనకనున్నవాడిని చాటు యజమాని అందాం. ఇంతకన్నా మంచి మాట కోయలోనో కువిలోనో సవరలోనో మీకు దొరికితే మాకు రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.

పేరు ఇచ్చి భయపడుతున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. 'ఆసామి కోర్టుకు పోతే మన గతేంటి' అన్నదే వాళ్ళ భయం. ఆసామి కోర్టుకు పోవాలంటే ముందు దావా కాగితం మీద ఆ డబ్బు తనదని రాసుకోవాలి. అలా రాస్తే 1988 చట్టం 4వ సెక్షన్ ఆ దావానే నిలవనివ్వదు. భూమి ఏజెన్సీలోది కాబట్టి 1/70 అతన్నే ప్రశ్నిస్తుంది. ఆ రెండో తెల్లకాగితం చూపిస్తే అది అతని మీదే సాక్ష్యం అవుతుంది. ఇన్నేళ్ళు కాగితం మీదికి రాకుండా దాచుకున్న తన పేరును అతను తన చేత్తోనే రాయాలి.